కోనసీమ కొబ్బరి రైతులకు పరపతి సంఘమా, మ్యాక్స్ సొసైటీయా, రైతు కంపెనీయా: ఏది మేలు?

మొన్న శ్రావణంలో మా తోటలో కొబ్బరి దింపు తీయించాం. రాశి పక్కన గోనెపట్టా పరుచుకుని నేను లెక్క రాస్తున్నాను. ఇద్దరు కుర్రాళ్లు రెండు చేతుల్లోనూ రెండేసి కాయలు పట్టుకుని అవతలికి విసురుతూ "లాభం... రెండు... మూడు..." అని లెక్కపెడుతున్నారు. లెక్క ఒకటితో మొదలుపెట్టరు, లాభం అనే మొదలుపెడతారు. పక్క తోట బాబాయి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. షావుకారు చెప్పిన ధర విన్నాడు. ఫోన్లో అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర చూశాడు. ఒలుపు కూలి, ఆటో కిరాయి, కమీషన్ అన్నీ తీసేసినా వెయ్యి కాయల దగ్గర ఇంకా తేడా మిగులుతోంది. అది ఎవరి జేబులోకి పోతోందో ఇద్దరికీ తెలుసు.

"అమ్మాయ్, మనమే ఏదో ఒక సంఘం పెట్టేసుకుందామే. గవర్నమెంటు బోల్డు ఇస్తోందంట. ఎందులో సబ్సిడీ ఎక్కువైతే అందులో పెడదాం. నువ్వు లెక్కలు రాసేదానివి, కనుక్కుని చెప్పు" అన్నాడు.

పదకొండేళ్లు మా ఊరి గ్రామ సమాఖ్యకు పుస్తకాలు రాశాను. అందుకని ఆ పని నా మీద పడింది. ఆఫీసులకు తిరిగి, కాగితాలు చదివి, తెలిసినవాళ్లను అడిగి రాసుకున్నది ఇది. మా 62 మంది కోసమే మొదలుపెట్టాను. రావులపాలెం వైపు అరటి రైతులకీ, కడియం నర్సరీల వాళ్లకీ, లంకల్లో కూరగాయలు వేసేవాళ్లకీ కూడా చాలావరకు ఇదే లెక్క.

జవాబు ముందే చెప్పేస్తాను. మాలాంటి చిన్న గుంపుకి మ్యాక్స్, అంటే సభ్యులే నడుపుకునే పరస్పర సహాయ సహకార సంఘం, మేలు. అయితే మిగతా రెండిటిలోనూ, అంటే ఊరి పరపతి సంఘంలోనూ రైతు కంపెనీలోనూ, వదులుకోకూడనివి ఉన్నాయి, అవేంటో తెలియకుండా మ్యాక్స్ పెట్టుకున్నా నష్టపోతాం.

మాకు కావాల్సిన పని ఏమిటి

మేం 62 ఇళ్లవాళ్లం. ఎక్కువ మందికి అర ఎకరం నుంచి రెండెకరాల లోపు తోట. పద్దెనిమిది మంది కౌలుకు చేస్తున్నారు. అందరి కాయ ఒకచోట పోసి, సైజు వారీగా ఏరి అమ్ముకోవాలి. ధర పడిపోయినప్పుడు కాయ కొట్టి, ఎండబెట్టి, ఎండు కొబ్బరి చేసి నిలవ పెట్టుకోవాలి. డొక్క (కాయ మీది పీచు) చెరువు గట్టు మీద కుళ్లిపోకుండా పీచు మిల్లుకు లారీ లెక్కన అమ్మాలి. అంతే. దానికి ఒక కళ్లం, ఒక డ్రయ్యరు, ఒక గోదాము, నిక్కచ్చిగా ఉండే ఒక గుమస్తా కావాలి.

ఈ పనికి చట్టంలో మూడు దారులున్నాయి. ఊళ్లో ఉన్న ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం, అంటే మనం సొసైటీ అనేది, 1964 సహకార చట్టం కిందిది. రెండోది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, దాన్నే అందరూ మ్యాక్స్ అంటారు. మూడోది ప్రొడ్యూసర్ కంపెనీ.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఎఫ్‌పీఓ అంటే కంపెనీయే అని చాలామంది అనుకుంటున్నారు. మా దగ్గర మీటింగ్ పెట్టిన వాళ్లు కూడా అలాగే చెప్పారు. ఎఫ్‌పీఓ అనేది చట్టం పేరు కాదు, రైతుల ఉత్పత్తిదారుల సంస్థ అని మాత్రమే అర్థం. కేంద్ర పథకంలో కంపెనీగా రిజిస్టర్ అయినా ఒప్పుకుంటారు, సహకార సంఘంగా అయినా ఒప్పుకుంటారు. సహకార సంఘం పెట్టుకోవడం మన హక్కు కూడా. 97వ రాజ్యాంగ సవరణతో 19వ అధికరణంలో ఆ మాట చేర్చారు.

ఊరి సొసైటీ: అన్నీ ఉన్నాయి, పగ్గం మన చేతిలో లేదు

మా నాన్నగారి కాలంలో సొసైటీకి వెళ్లొస్తానంటే ఎరువు కట్టకో, పంట రుణానికో అని అర్థం. ఇప్పుడు దానికి చాలా దారులు తెరిచారు. 2021 జులైలో కేంద్రంలో సహకారానికి విడిగా మంత్రిత్వ శాఖ వచ్చింది. 2022లో దేశంలోని 63,000 పరపతి సంఘాలను కంప్యూటర్లలోకి తేవడానికి 2,516 కోట్ల రూపాయలు ఒప్పుకున్నారు. తర్వాత కొత్త నమూనా బైలాలు, అంటే సంఘం నడుచుకునే నియమాలు, ఇచ్చారు. వాటి ప్రకారం సొసైటీ పాతికకు పైగా రకాల వ్యాపారాలు చేసుకోవచ్చు. గోదాము కట్టొచ్చు, పాల కేంద్రం పెట్టొచ్చు, మందుల షాపు నడపొచ్చు. కొబ్బరి కొని ఎండబెట్టి అమ్మడానికి అడ్డేమీ లేదు.

అప్పు దగ్గరైతే సొసైటీని మించింది లేదు. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద ఎవరు అప్పు తీసుకున్నా 2 కోట్ల వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్ల దాకా ఉంటుంది. పరపతి సంఘాలకు నాబార్డ్ అనే జాతీయ వ్యవసాయ బ్యాంకు విడిగా 4 శాతానికి ఇప్పించే ఏర్పాటు ఉంది. ఈ రెండూ కలిస్తే సొసైటీకి పడే వడ్డీ 1 శాతం. కళ్లానికీ డ్రయ్యరుకీ గోదాముకీ ఇంత చౌక డబ్బు ఇంకెక్కడా దొరకదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. డెల్టాలో సొసైటీలకు ధాన్యం కొనుగోలు అలవాటైన పని. కాటా, తేమ మీటరు, గోనెలు, లారీ మాట్లాడుకోవడం, బిల్లు పైకి పంపడం అన్నీ తెలుసు. మేం కొత్తగా మొదలుపెడితే ఇవి నేర్చుకోవడానికే రెండేళ్లు పడుతుంది.

మరి అందులోనే చేరిపోవచ్చు కదా అని మా వదిన అడిగింది. నేనూ మొదట అదే అనుకున్నాను. వెనక్కి లాగింది ఏమిటంటే, నిర్ణయం మనది కాదు. మన రాష్ట్రంలో పరపతి సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక ఏళ్ల తరబడి ప్రభుత్వం వేసిన కమిటీలే నడిపాయి. కమిటీ మారితే ప్రాధాన్యం మారుతుంది. ఈ ఏడాది కొబ్బరి కొంటామన్న పెద్దమనిషి వచ్చే ఏడాది ఆ కుర్చీలో ఉండకపోవచ్చు. పైగా సొసైటీ సభ్యుల్లో ఎక్కువమంది వరి రైతులు. దాళ్వా (రెండో పంట) కోతల వేళ వాళ్ల ధాన్యం కళ్లాల్లో తడుస్తుంటే గుమస్తా మా కాయల రాశి దగ్గరికి రాడు, రావాలని అడగడమూ న్యాయం కాదు.

కౌలు రైతుల సంగతి ఇంకా కష్టం. భూమి పాసు పుస్తకం చుట్టూ అల్లుకున్న వ్యవస్థ అది. పాసు పుస్తకం లేని మా పద్దెనిమిది మందీ అక్కడ గుమ్మం బయట నిలబడేవాళ్లే.

అందుకని సొసైటీని మా అవసరానికి వాడుకోవాలని రాసుకున్నాను. గోదాములో జాగా అద్దెకు తీసుకోవాలి. నమూనా బైలాల ప్రకారం వాళ్లే ఒక ఎండబెట్టే యూనిట్ పెట్టేటట్టయితే కాయ మేం పోస్తామని రాతపూర్వకంగా అడగాలి. వ్యాపారం మాత్రం వాళ్ల చేతుల్లో పెట్టకూడదు.

కంపెనీ: పెద్దది, ఖరీదైనది

ప్రొడ్యూసర్ కంపెనీ అనేది వై.కె. అలఘ్ కమిటీ సిఫారసు మీద 2002లో కంపెనీల చట్టంలో చేర్చిన ఏర్పాటు. సహకార సంఘం గుణం పోకుండా కంపెనీ రూపం ఇచ్చారు. పది మంది ఉత్పత్తిదారులుంటే పెట్టొచ్చు. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకే ఓటు. ఉత్పత్తిదారు కానివాడు వాటా కొనుక్కుని లోపలికి రావడానికి లేదు. కౌలు రైతు కూడా ఉత్పత్తిదారే కాబట్టి సభ్యుడు కావచ్చు. ఇవన్నీ నాకు నచ్చాయి. మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్ వ్యాపారులతో ఒప్పందం రాసుకునేటప్పుడు కంపెనీ పేరుంటే మాట సులువుగా నడుస్తుంది కూడా.

ఇక డబ్బు. 2020 ఫిబ్రవరి 29న 10,000 ఎఫ్‌పీఓల పథకం మొదలైంది. మొత్తం 6,865 కోట్లు. ఒక్కో సంస్థకు మూడేళ్లలో నిర్వహణ ఖర్చుల కింద 18 లక్షల దాకా. సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా మనిషికి 2,000 చొప్పున, సంస్థకు 15 లక్షలకు మించకుండా ప్రభుత్వం కలుపుతుంది. 2 కోట్ల వరకు అప్పుకు గ్యారంటీ. బాబాయి విన్న "బోల్డు" ఇదే.

కాగితం మీద పెట్టి చూద్దాం. మైదాన ప్రాంతంలో 300 మంది ఉంటేగాని ఈ పథకానికి అర్హత రాదు. మేం 62. ఆ 15 లక్షలూ రావాలంటే 750 మంది తలా 2,000 కట్టాలి. నిర్వహణ డబ్బులో సీఈఓకి నెలకు 25,000, అకౌంటెంటుకు 10,000 అని లెక్క. మూడేళ్లకు ఈ ఇద్దరి జీతాలే 12 లక్షల 60 వేలు. నాలుగో ఏడాది నుంచి ఆ జీతం కొబ్బరి అమ్మి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే? పూర్తికాలం సీఈఓ ఉండాలని చట్టమే చెబుతోంది, అదీ సభ్యుల్లోంచి కాకుండా బయట మనిషి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీటింగుల్లో ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. 10,000 అనే ఆ లెక్క 2025 ఫిబ్రవరికే నిండిపోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి కంపెనీ పెట్టండి, 18 లక్షలు వస్తాయి అంటే, ఏ ఉత్తర్వు కింద, ఏ సంస్థ ద్వారా, మా మండలానికి ఖాళీ ఉందా అని అడగాలి. రాతలో జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకూడదు.

కంపెనీ పెట్టాక ఖర్చు ఆగదు. ఏటా లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్ను ఒకటి దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనపు రుసుము. రెండు ఫారాలూ ఏడాది పాటు మర్చిపోతే 73,000. మా 62 మందీ తలా వెయ్యి వాటా కడితే పోగయ్యేది 62,000. మూలధనం కంటే జరిమానా ఎక్కువ.

ఇది ఊహించి రాసింది కాదు. కొన్నేళ్ల కిందట మా ఆయన ఒక రైతు కంపెనీలో వెయ్యి రూపాయలు కట్టాడు. ఏదో ఏజెన్సీ వాళ్లు వచ్చి ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టారు, ఆధార్ జిరాక్సులు తీసుకున్నారు, వేలిముద్ర వేయించుకున్నారు. రసీదు మా బీరువాలో పాసు పుస్తకం మడతలో ఇప్పటికీ ఉంది. వాటా పత్రం రాలేదు. సర్వసభ్య సమావేశానికి పిలుపు ఒక్కసారి కూడా రాలేదు. ఏజెన్సీ గడువు అయిపోయాక సీఈఓగా పనిచేసిన కుర్రాడు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఊళ్లోనే ఉన్న డైరెక్టరు ఒకాయన్ని అడిగితే, తనకు డిజిటల్ సంతకం చేయించారనీ అది ఎవరి దగ్గరుందో తెలియదనీ చెప్పాడు. ఆయన కళ్లల్లో భయం చూశాను. మంచి మనిషి, రేపు నోటీసు వస్తే ఆయన పేరు మీదే వస్తుంది. వెయ్యి రూపాయలు పోయినందుకు కాదు నా బాధ. ఆ తర్వాత మా ఊళ్లో సంఘం మాట ఎత్తితే జనం "మళ్లీనా?" అంటున్నారు.

అలాగని కంపెనీలన్నీ ఇంతే అనడం తప్పు. సంగం డెయిరీ మ్యాక్స్‌గా ఉండి తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. రోజూ వేల ఇళ్ల నుంచి పాలు వచ్చే చోట, ఆడిటరుకీ కంపెనీ సెక్రటరీకీ జీతం ఇవ్వగల చోట ఆ రూపం నప్పుతుంది. నలభై ఐదు రోజులకో రెండు నెలలకో ఒకసారి దింపు తీసే 62 మందికి అది మోయలేని బరువు.

మ్యాక్స్: ప్రభుత్వం వాటా పెట్టదు, పెత్తనమూ చేయదు

1995 చట్టం రావడానికి వెనక చాలా ఏళ్ల పోరాటం ఉంది. సహకార సంఘాలు ప్రభుత్వ శాఖల్లా మారిపోయాయని, సభ్యుల చేతికి తిరిగి ఇవ్వాలని హైదరాబాదులో సహవికాస సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ములుకనూరులో ఆడవాళ్లు నడిపే పాల డెయిరీ ఈ చట్టం కిందిదే. విజయవాడలో కృష్ణా జిల్లా పాల యూనియన్ కూడా ఈ చట్టం కిందే నడుస్తోంది. అంత దూరం వెళ్లక్కర్లేదు, మన డ్వాక్రా మండల సమాఖ్యలు రిజిస్టర్ అయింది ఈ చట్టం కిందే. మా ఊరి ఆడవాళ్లకు బైలా, తీర్మానం, మినిట్స్ పుస్తకం, పొదుపు, అంతర్గత అప్పు అంటే కొత్తగా నేర్పక్కర్లేదు. మగవాళ్లకే నేర్పాలి.

వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ జిల్లా సహకార అధికారి దగ్గర, అంటే మాకు అమలాపురంలోనే. బైలా మనం రాసుకుంటాం. ఎన్నిక మనమే పెట్టుకుంటాం. గడువులోపు ఎన్నిక పెట్టకపోయినా, ఆడిట్ చేయించి సర్వసభ్య సమావేశం జరపకపోయినా డైరెక్టర్లు పదవి పోగొట్టుకుంటారు. మిగులు వస్తే ఎవరు ఎంత సరుకు పోశారో ఆ లెక్కన పంచుకోవచ్చు. లోటు వస్తే అదీ సభ్యులదే, అందుకని లోటు భర్తీకి విడిగా నిధి పెట్టుకోమంటుంది చట్టం. ఈ ఒక్క మాట చాలామందిని భయపెడుతుంది. నాకు ఇదే ధైర్యాన్నిచ్చింది. నష్టం మనదే అని తెలిస్తే గుమస్తా రాసిన లెక్క ప్రతి నెలా చూస్తాం.

ప్రభుత్వ వాటా ధనం ఉండకూడదనేది ఈ చట్టంలో గట్టి షరతు. దాంతో బాబాయికి మొదట నీరసం వచ్చింది. కానీ వాటా ధనం వేరు, పథకాల సాయం వేరు. మౌలిక వసతుల నిధిలో 3 శాతం వడ్డీ రాయితీకి సహకార సంఘాలూ అర్హులే. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ఆహార శుద్ధి యూనిట్ పెట్టే రైతు సంస్థలకు, సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పుతో ముడిపెట్టి 35 శాతం సబ్సిడీ ఉంది. కొబ్బరి తురుము, నూనె అందులోకి వస్తాయి. స్వయం సహాయక సంఘం సభ్యురాలికి చిన్న పనిముట్లకు, చేతిలో పెట్టుబడికి 40,000 దాకా ఇస్తారు. మా వీధిలోనే కొబ్బరి లౌజు చేసి అమ్మే ఇద్దరు ఆడవాళ్లకు ఇదొక్కటే చాలు, సంఘంతో పనే లేదు.

చెడ్డపేరు కూడా దాచను. పర్యవేక్షణ తక్కువ కాబట్టి మ్యాక్స్ పేరు పెట్టుకుని ఎక్కువ వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు తీసుకున్నవాళ్లు ఉన్నారు. కాకినాడలో పేరున్న ఒక సొసైటీ 2022లో డిపాజిట్లు తిరిగి ఇవ్వలేక చేతులెత్తేసింది. రిటైరైనవాళ్లు జీవితకాలం కూడబెట్టుకున్న డబ్బు అందులో ఇరుక్కుంది. ఆ రోజుల్లో మా మేనత్త నిద్ర లేకుండా పడిన టెన్షన్ నేను చూశాను. అందుకని మా బైలాలో మొదటి వాక్యంగా, సభ్యులు కానివాళ్ల దగ్గర ఒక్క రూపాయి డిపాజిట్ తీసుకోకూడదని రాశాం. సభ్యుల పొదుపు కూడా కొబ్బరి కొనుగోలుకే వాడాలని, ఎవరికీ అప్పు ఇవ్వకూడదని రాశాం. దీని మీద గొడవ అయింది. పెళ్లికీ ఆసుపత్రికీ అప్పు ఇవ్వని సంఘం ఎందుకన్నారు కొందరు. సమాఖ్య ఉంది కదా అని ఒప్పించేసరికి రాత్రి పదకొండయింది.

అసలు పరీక్ష ధర పెరిగిన రోజే

ధర పడినప్పుడు అందరూ సంఘం కావాలంటారు. 2025లో కొబ్బరి ధర ఎలా పెరిగిందో మన డెల్టాలో అందరికీ గుర్తే. ఆ ఏడాది కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మర కొబ్బరికి (నూనె ఆడే ఎండు కొబ్బరి) క్వింటాలు 11,582, కురిడీకి (గుండుగా ఎండిన కొబ్బరి) 12,100. బయట ధర దాన్ని దాటి ఎక్కడికో పోయింది. అలాంటప్పుడు షావుకారే ఇంటికొచ్చి రూపాయి ఎక్కువ ఇస్తానంటాడు. ఆ రోజు సభ్యుడు కాయ ఎవరికి పోస్తాడు? సంఘం నిలబడేదీ కూలేదీ అక్కడే, ఏ చట్టం కింద పెట్టినా సరే.

పడిన రోజు సంగతీ చూడండి. మద్దతు ధరకు కేంద్రం తరపున నాఫెడ్ సంస్థ కొనేది ఎండు కొబ్బరిని, పచ్చి కాయను కాదు. నాఫెడ్ కొనుగోలు కేంద్రం తెరిచినా ఎండబెట్టినవాడికే ఉపయోగం. క్వింటాలుకు 700 కాయలు పడతాయనుకుంటే 11,582 అంటే కాయకు పదహారున్నర రూపాయలు, అందులోంచి కొట్టే కూలీ ఎండబెట్టే కూలీ పోవాలి. అర ఎకరం రైతు రెండు మూడు వందల కాయలు ఎండబెట్టి కేంద్రానికి మోసుకెళ్లలేడు. కళ్లం, డ్రయ్యరు ఉమ్మడిగా ఉండాల్సింది ఇందుకే. వర్షాకాలంలో వారం రోజులు ముసురు పడితే ఎండలో పెట్టిన చిప్పలకు బూజు పట్టి నల్లబడిపోతాయి, ఆ సరుకు ఏ కేంద్రమూ తీసుకోదు.

మన పోటీ దళారి ధరతో మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆయన ఇచ్చే అడ్వాన్సుతో కూడా. కూతురి పెళ్లికి యాభై వేలు ముందు ఇచ్చి, నాలుగు దింపులు రాయించుకున్నవాళ్లు మా 62 మందిలో తొమ్మిది మంది ఉన్నారు. ఆ తొమ్మిది ఇళ్ల కాయ సంఘానికి రాదు, రమ్మనడం కుదరదు. మిగతావాళ్లకైనా కాయ పోసిన రోజే చేతిలో కొంత పెట్టాలి.

అది ఎంతో లెక్కేశాను. ఇంటికి సగటున దింపుకు 1,500 కాయలు అనుకుంటే మొత్తం 93,000. అందరూ అన్నీ పోస్తారని ఆశ పెట్టుకోకూడదు. మొదటి ఏడాది సగటున పావు వంతు పోసినా చాలు, అంటే 23,250 కాయలు. లెక్క సులువుగా ఉండటానికి కాయ 15 రూపాయలు అనుకుంటే 3,48,750. అందులో 70 శాతం అక్కడికక్కడే ఇవ్వాలంటే 2,44,125 రూపాయలు చేతిలో ఉండాలి. వాటా తలా వెయ్యి అంటే 62,000. పొదుపు నెలకు 200 చొప్పున ఏడాదికి 1,48,800. రెండూ కలిపి 2,10,800. ఇంకా 33 వేల చిల్లర తక్కువ. ఆ మాత్రం సమాఖ్య దగ్గరో బ్యాంకు దగ్గరో దొరుకుతుంది. సబ్సిడీ రూపాయి రాకపోయినా మొదలుపెట్టగలం అని ఆ అంకె చూశాక బాబాయికి నమ్మకం కుదిరింది. "మరి పొదుపు ఏడాది అయ్యేదాకా ఆగాలా?" అన్నాడు. ఆగాలి. ఆ ఏడాదిలో ప్రతి నెలా 200 కట్టనివాడు రేపు కాయ కూడా పోయడు. ఎవరెవరో అప్పుడే తెలిసిపోతుంది.

కనీస వాడకం గురించి బైలాలో రాసుకోవడానికి మ్యాక్స్ చట్టం వీలిస్తుంది. వరసగా రెండు దింపులు అసలు కాయ పోయనివాళ్లకు ఆ ఏడాది ఓటు ఉండదని రాశాం. అడ్వాన్సులో ఉన్న తొమ్మిది మందికి ఆ బాకీ తీరేదాకా మినహాయింపు.

ముందు ముందు

చిన్నగా మొదలుపెడితే చిన్నగానే ఉండిపోతామని ఒకరు అన్నారు. దానికి దారి చట్టంలోనే ఉంది. పది మంది రైతులే కాదు, రెండు ఉత్పత్తిదారుల సంస్థలు కలిసినా ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. మా ఊళ్లో ఒక మ్యాక్స్, కాలవ అవతల ఒకటి, లంకలో ఒకటి నాలుగేళ్లు నికరంగా నడిస్తే, అవి కలిసి కంపెనీ పెట్టి నేరుగా బయటి రాష్ట్రాలకు లారీ పంపొచ్చు. కొబ్బరి అభివృద్ధి బోర్డు కూడా మూడంచెల పద్ధతే చెబుతుంది. అడుగున 40 నుంచి 100 మంది రైతుల సంఘం, దానిపైన సమాఖ్య, ఆపైన కంపెనీ. మా వైపు వచ్చిన ఏజెన్సీ పై అంతస్తు ముందు కట్టేసింది.

సొసైటీకి గోదాము జాగా కోసం అర్జీ ఇచ్చాం. అమలాపురం వెళ్లి రిజిస్ట్రేషన్ కాగితాల జాబితా తెచ్చుకున్నాను. బైలా ముసాయిదా నాలుగుసార్లు చదివి వినిపించాం, కౌలు రైతులకు వాటా, ఓటు అందరితో సమానమని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. తోట యజమానులు ఇద్దరు మొదట నసిగారు. కాయ పండించేది ఎవరని బాబాయి అడిగేసరికి ఊరుకున్నారు.

ఒక్కటి మాత్రం తేలలేదు. మొన్న మా తోటలో "లాభం" అంటూ లెక్కపెట్టిన కుర్రాళ్లలో ఒకడు, చెట్టెక్కి దింపు తీసే పనిలో ఉన్న అతని అన్న, ఇంకా ఒలుపు పని చేసేవాళ్లు నలుగురు వచ్చి మమ్మల్నీ చేర్చుకుంటారా అని అడిగారు. చెట్టెక్కే మనిషి లేకపోతే మా సరుకు కిందికే రాదు. అయితే వాళ్లు కాయ పోయరు, కూలి తీసుకుంటారు. సభ్యులుగా చేర్చుకుంటే కూలి రేటు ఎవరు తేలుస్తారు, మిగులులో వాళ్ల పాలు ఏ లెక్కన ఇస్తాం? సగం మంది చేర్చుకోవాలంటున్నారు, నేను వాళ్లలో ఉన్నాను. బైలాలో "సభ్యత్వానికి అర్హులు" అనే చోట ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే దింపు లోపు కూర్చుని నింపాలి, ఆ ఆరుగురినీ పిలిచి.